సగం రాదు, సగం పోదు

విడాకుల మాట ఇంట్లో బయటపడిన వారంలోపే రెండు వైపులా ఒకే లెక్క మొదలవుతుంది. అమ్మాయి తరఫువాళ్ళు "సగం ఆస్తి రాయించుకోందే వదలొద్దు" అంటారు. అబ్బాయి తరఫువాళ్ళు "సగం పట్టుకుపోతుంది, ముందే తమ్ముడి పేర పెట్టెయ్" అంటారు. ఇద్దరూ పొరబడుతున్నారు. ఈ సగం లెక్క అమెరికా బంధువుల ఫోన్ల నుంచీ సినిమావాళ్ళ విడాకుల వార్తల నుంచీ మన నట్టింట్లోకి వచ్చింది. కాలిఫోర్నియాలో నిజంగానే అలాంటి చట్టం ఉంది. కాకినాడలో లేదు.

హిందూ వివాహ చట్టం కింద విడాకులిచ్చే కోర్టు భార్యాభర్తల ఆస్తులన్నీ ఒకచోట కుప్పపోసి పంచదు. పెళ్ళయినంత మాత్రాన ఒకరి ఆస్తి మీద ఇంకొకరికి యాజమాన్యం రాదు. ఎవరిదని కాగితం చెప్తే వారిది. ఆ కాగితం వెనక డబ్బు ఇంకెవరిదో అని వాదన వస్తే, రుజువు ఎవరి దగ్గరుంటే వారి మాట నిలుస్తుంది. కోర్టు చేసే పనులు రెండు. మీది మీకు ఇప్పించడం ఒకటి, మీరు బతకడానికి ఏర్పాటు చేయించడం ఇంకొకటి. మొదటిది హక్కు, రెండోది భరణం. ఈ రెంటికీ కావలసిన కాగితాలు వేరు, వేయాల్సిన పిటిషన్లు వేరు. లాయరు దగ్గర కూర్చున్న మొదటి గంటలోనే ఈ రెంటినీ విడదీసుకున్నవాళ్ళు తర్వాత చాలా డబ్బు, కాలం మిగుల్చుకుంటారు.

గోవాలో మాత్రం 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇప్పటికీ నడుస్తోంది. పెళ్ళికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే అక్కడ ఆస్తి ఇద్దరిదీ, విడిపోతే చెరిసగం. మనకది వర్తించదు.

హిందూ వివాహ చట్టంలో ఆస్తి ప్రస్తావన నేరుగా ఉన్నది 27వ సెక్షన్‌లో. పెళ్ళి సమయంలోనో ఆ దరిదాపుల్లోనో కానుకగా వచ్చి, ఇద్దరికీ ఉమ్మడిగా చెందిన వాటి గురించి కోర్టు తన డిక్రీలో తగిన ఏర్పాటు చేయవచ్చు. మంచం, బీరువా, ఫ్రిజ్, ఇద్దరూ వాడుకోమని కొనిచ్చిన కారు, ఇలాంటివి. 1997లో సుప్రీంకోర్టు దీన్ని కాస్త విశాలంగా చదివి, కానుక పెళ్ళికి ముందు వచ్చినా తర్వాత వచ్చినా పెళ్ళితో సంబంధం ఉంటే చాలంది. అయినా పెళ్ళయిన కొన్నేళ్ళకి కొనుక్కున్న ఫ్లాటు దీని కిందికి రాదు. దానికి వేరే దారి ఉంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ప్రకారం భార్యాభర్తల మధ్య ఆస్తి దావాలను కూడా అదే కోర్టు వినవచ్చు. విడాకుల పిటిషన్ చివర్లో "ఆస్తి కూడా ఇప్పించగలరు" అని ఒక వాక్యం తగిలిస్తే మాత్రం పని జరగదు. ఏ సర్వే నంబరు, ఏ ఫ్లాటు, ఎంత వాటా, ఏ ఆధారంతో అడుగుతున్నారో విడిగా చెప్పుకోవాలి.

ఒక ఇంటి లెక్క

చట్టం వింటున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, సొంత ఇంటి దగ్గరికొచ్చేసరికి తికమక మొదలవుతుంది. అందుకని ఒక జంటను కల్పించుకుందాం. సుజాతది ఖమ్మం, రమేష్‌ది నరసరావుపేట. కాపురం మియాపూర్‌లో, ఒక పాప. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు 40 తులాల బంగారం పెట్టారు, 20 లక్షలు కట్నం ఇచ్చారు, పసుపు కుంకుమ కింద ఎకరం పొలం నీదేనన్నారు. 2014లో 50 లక్షలకి ఇద్దరి పేరునా ఫ్లాటు కొన్నారు. చేతి నుంచి కట్టింది 12 లక్షలు, అందులో 8 లక్షలు సుజాత నాన్న ఇచ్చిన చెక్కు. మిగతాది బ్యాంకు లోను. పాప పుట్టాక సుజాత ఉద్యోగం మానేసింది. షాద్‌నగర్ దగ్గర ఒక ప్లాటు రమేష్ వాళ్ళమ్మ పేరున ఉంది. నరసరావుపేటలో తాతల నాటి 3 ఎకరాలున్నాయి.

ముందు ఫ్లాటు. సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ ఉండి వాటాలు రాయకపోతే ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చూడాలి. ఉమ్మడి డబ్బుతో కొంటే ఆ డబ్బులో ఎవరి పాలు ఎంతో ఆస్తిలోనూ అంతే. విడివిడిగా పెడితే పెట్టిన నిష్పత్తిలో. ఎవరెంత పెట్టారో సాక్ష్యం లేకపోతే సమానం. కాబట్టి "ఈఎమ్ఐలు నా జీతంలోంచి పోయాయి" అనే రమేష్ మాటకి బలముంది. "ముందు కట్టిన దాంట్లో మూడింట రెండొంతులు మా నాన్న ఇచ్చాడు" అనే సుజాత మాటకీ బలముంది. ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంటు చేతిలో ఉంటేనే ఈ రెండో మాట నిలబడుతుంది. ఆయన అదే 8 లక్షలు సంచిలో పెట్టి అల్లుడి చేతికిచ్చి ఉంటే, కోర్టులో అది ఒక తండ్రి జ్ఞాపకం మాత్రమే. కూతురి ఇంటికి డబ్బు సాయం చేసే తల్లిదండ్రులు కూతురి ఖాతాలో వేయండి, అక్కడి నుంచి బిల్డరుకు వెళ్ళనివ్వండి. అల్లుడి మీద అనుమానం ఉందని కాదు. బ్యాంకులు పాత లెక్కలు కలకాలం దాచవు కాబట్టి స్టేట్‌మెంట్లు ఏటేటా దింపుకుని పెట్టుకోవాలి.

సుజాత ఒక్కదాని పేరునే ఫ్లాటు ఉండి, డబ్బు మొత్తం రమేష్‌దైతే? స్టాంపు డ్యూటీ కోసమో, పన్ను కోసమో, ముచ్చటపడో మనవాళ్ళు ఇలా చాలా కొంటారు. బినామీ చట్టం భార్య పేరున, పిల్లల పేరున, లెక్క చూపగల ఆదాయంతో కొన్నదాన్ని బినామీ కిందికి తేదు. ఆ మినహాయింపు వల్లే "పేరు ఆమెది, ఆస్తి నాది" అని భర్త వాదించడానికి తలుపు తెరిచే ఉంది. అయితే డబ్బు ఎవరిదన్న ఒక్క ప్రశ్నతో కోర్టు ఆగదు. కొన్నాక ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉంది, ఆ పేరు పెట్టడానికి కారణమేమిటి, ఇద్దరి మధ్య బంధమేమిటి, అసలు దస్తావేజులు ఎవరి బీరువాలో ఉన్నాయి, పన్నులు ఎవరు కట్టారు, అద్దె ఎవరు తీసుకున్నారు, ఇవన్నీ చూస్తుంది. ఆస్తి మీ పేరున ఉంటే ఇంటిపన్ను రసీదు కూడా మీ పేరునే, వీలైతే మీ ఖాతా నుంచే కట్టండి.

షాద్‌నగర్ ప్లాటు సుజాతకు అందదు. అది అత్తగారిది. రమేష్ డబ్బుతోనే కొన్నారని అందరికీ తెలిసినా, కొడుకు తన డబ్బుతో తల్లి ఒక్కదాని పేరున కొనడానికి భార్యకున్న మినహాయింపు లేదు. అది నా సొమ్మేనని రమేష్ తర్వాత దావా వేయబోయినా అదే బినామీ చట్టం అడ్డొస్తుంది. భార్యకు దక్కకూడదని అమ్మ పేరునో అన్న పేరునో కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. రేపు అన్నదమ్ముల పంపకాల్లో అది అందరిదీ అయిపోతుంది.

నరసరావుపేట పొలంలో కూడా సుజాతకు వాటా అడిగే హక్కు లేదు. విడాకులయ్యాక ఆమె రమేష్‌కి వారసురాలు కూడా కాదు. పాప సంగతి అలా కాదు. అది నిజంగా పిత్రార్జితమైతే అందులో పాపకు పుట్టుకతోనే హక్కు వచ్చింది, తల్లిదండ్రుల విడాకులతో అది పోదు. రాజీ పత్రంలో "ఇకపై ఎవరికీ ఎవరి ఆస్తిలో హక్కు లేదు" అని రాసేటప్పుడు చాలామంది తల్లులు పిల్లల పేరు కూడా అందులో కలిపేసి సంతకం పెడతారు. అలా పెట్టొద్దు.

పసుపు కుంకుమ ఎకరం గురించి ఖమ్మంలో ఊరంతా సాక్ష్యం చెప్తుంది. కానీ స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే రిజిస్టరైన దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు చట్టం అడుగుతుంది. పెళ్ళిపందిట్లో చెప్పిన మాటతో, తెల్లకాగితం మీద రాసిన రాతతో ఆ పొలం సుజాతది కాలేదు. గిఫ్ట్ డీడ్ రాసి, పాస్‌బుక్ ఆమె పేరున తెప్పించి ఉంటే అది పూర్తిగా ఆమెదే, రమేష్ అందులో పైసా అడగలేడు. పెళ్ళికూతుళ్ళ తండ్రులు ఏ కల్యాణ మండపానికి ఎంత పోశారో లెక్క రాస్తారు గానీ, ఈ రిజిస్ట్రేషన్ ఆఫీసు పని మాత్రం "తర్వాత చూద్దాంలే" అంటారు.

బంగారం

గొడవ ఎక్కువగా నడిచేది ఇక్కడే. చట్టం అన్నిటికంటే తేటగా ఉన్నదీ ఇక్కడే. పెళ్ళికి ముందు, పెళ్ళిలో, తర్వాత, పుట్టింటివాళ్ళు గానీ అత్తింటివాళ్ళు గానీ ఇంకెవరైనా గానీ ఆమెకిచ్చిన నగలు, నగదు, పట్టుబట్టలు, వెండి స్త్రీధనం. అది ఆమె ఒక్కదానిది. భర్త దగ్గరో అత్తగారి లాకర్‌లోనో ఉంటే వాళ్ళు కాపలాదారులు మాత్రమేనని, అడిగినప్పుడు తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం కింద కేసు నడుస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. కష్టం వచ్చినప్పుడు భర్త దాన్ని వాడుకోవచ్చు, కానీ ఆ బంగారాన్నో దాని విలువనో తిరిగివ్వాల్సిన బాధ్యత అతనికుంటుంది.

2024 ఏప్రిల్‌లో కేరళ నుంచి వచ్చిన కేసు ఒకటి చదవదగ్గది. పెళ్ళిలో పెట్టిన 89 కాసుల బంగారాన్ని జాగ్రత్త చేస్తామని మొదటి రాత్రే తీసుకుని అత్తింటివాళ్ళు అప్పులకు వాడేశారని భార్య చెప్పింది. హైకోర్టు రుజువు చాల్లేదంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇది నేర విచారణ కాదని, ఏ వైపు మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తే చాలని చెప్పి, 25 లక్షలు ఇవ్వమంది. కొత్త పెళ్ళికూతురు అత్తగారి దగ్గర రసీదు అడగలేదేమని అడగడం లోకరీతి తెలియని ప్రశ్న. కోర్టు ఆ సంగతి గుర్తించిందని నాకనిపిస్తుంది.

అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్ళిన ఇంకో కేసు తండ్రులకు పాఠం. అమెరికాలో విడాకులు తీసుకున్న కూతురి నగలు తిరిగివ్వాలని ఆమె తండ్రి ఫిర్యాదు చేశాడు. కూతురు అధికారం ఇవ్వనిదే తండ్రికి ఆ హక్కు లేదని సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. పెట్టింది నాన్నే అయినా, పెట్టాక అది నాన్నది కాదు.

మరి రుజువు ఎలా? వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనలు ఒకటి చెప్తాయి: వధువుకి వచ్చిన కానుకల జాబితా, వరుడికి వచ్చిన కానుకల జాబితా విడివిడిగా రాయాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, చుట్టరికం ఏమిటి రాసి, వధూవరులిద్దరూ సంతకాలు పెట్టాలి. పెళ్ళిలో చదివింపులు రాయడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని కూర్చోబెట్టే మనం ఈ ఒక్క జాబితా రాయం. అది లేకపోతే నగల షాపు బిల్లులు, పెళ్ళి వీడియో, ఫొటోలు, లాకర్ తెరిచిన తేదీల రిజిస్టరు, బ్యాంకులో తాకట్టు పెట్టిన రసీదు పనికొస్తాయి. పాత గొలుసు కరిగించి వడ్డాణం చేయించినప్పుడు బిల్లు ఎవరి పేరున రాశారో చూసుకోండి. వ్యాపారం కోసం భర్త మీ నగలు తాకట్టు పెడితే, "నీ నగలు పెట్టాను, విడిపించి ఇస్తాను" అని ఒక మెసేజ్ రాయించుకోవడం పోట్లాట కాదు. కాపురం బాగున్న రోజుల్లో అది నవ్వుతూ చేయగలిగిన పని.

కట్నం నగదు దగ్గర చిక్కు ఇంకోలా ఉంటుంది. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరం. తీసుకున్న కట్నాన్ని 3 నెలల్లో వధువుకి అప్పగించాలని, అప్పటిదాకా ఆమె తరఫున ట్రస్టుగా ఉంచుకోవాలని అదే చట్టం 6వ సెక్షన్ చెప్తుంది. అప్పగించినవాళ్ళు నాకెవరూ కనపడలేదు. బాధితురాలిగా ఫిర్యాదు చేస్తూ "మేమిచ్చాం" అని చెప్పినందుకు ఆమె మీదకి కేసు రాకుండా 7వ సెక్షన్‌లో రక్షణ ఉంది. అయినా 20 లక్షలు ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ పొలం అమ్మారు, ఏ రోజు తీశారు అన్న ప్రశ్నలకు కాగితం చూపాల్సిందే.

వంటింటి పని ఎవరి ఖాతాలో

సుజాత తొమ్మిదేళ్ళు ఉద్యోగం మాని ఇల్లు చూసింది, పాపను పెంచింది. ఆ తొమ్మిదేళ్ళ పనికి ఫ్లాటులో వాటా వస్తుందా? నేరుగా ఇచ్చే సెక్షన్ ఏదీ లేదు. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

2021 జనవరిలో రోడ్డు ప్రమాద పరిహారం కేసు ఒకటి సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా రాసిన తీర్పులో ఇల్లాలి పనికి విలువ కట్టి తీరాలన్నారు. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేను ఉదహరించారు: ఇంటి పనుల మీద స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలు. అంటే ఇల్లాలు ప్రమాదంలో చనిపోతే ఆమె పనికి ధర ఉంది. విడాకులు తీసుకుంటే ఆస్తి లెక్కలో ఆ ధర కనపడదు.

సరిదిద్దే ప్రయత్నం జరగకపోలేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు కోర్టు వాటా ఇప్పించే ఏర్పాటున్న వివాహ చట్టాల సవరణ బిల్లును 2010లో తెచ్చారు. 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో పాస్ కాకుండానే 2014లో సభ గడువు ముగిసి బిల్లు మురిగిపోయింది. తర్వాత 2023 జూన్‌లో మద్రాస్ హైకోర్టు ఒక తీర్పిచ్చింది. భర్త గల్ఫ్‌లో సంపాదించి పంపితే ఇక్కడ భార్య ఇల్లు నడిపి కూడబెట్టిన కుటుంబం అది. ఆమె పని వల్లే అతను సంపాదించగలిగాడని, అలా కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని కోర్టు చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోని కోర్టులు దానికి కట్టుబడనక్కర్లేదు గానీ, మీ లాయరు దాన్ని చూపించి వాదించవచ్చు. చూపించమని అడగండి.

ఆస్తిలో దక్కనిది ప్రస్తుతానికి భరణంలో రాబట్టుకోవాల్సిందే. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం నెలనెలా ఇప్పించవచ్చు, ఒకేసారి మొత్తంగా ఇప్పించవచ్చు, చెల్లింపుకు హామీగా ఇచ్చేవారి స్థిరాస్తి మీద బాధ్యత మోపవచ్చు. ఈ చివరిది చాలామంది అడగరు. నెలకు ఇంత అని డిక్రీ తెచ్చుకుని, మూడో నెల నుంచి ఎగ్గొడితే ఎగ్జిక్యూషన్ పిటిషన్లతో తిరగడం కంటే, ఫ్లాటు మీద చార్జి వేయించుకోవడం మేలు. భరణం భార్యే కాదు, భర్త కూడా అడగవచ్చు. సంపాదించే భార్య, మంచాన పడ్డ భర్త ఉన్న కేసులో దానికి అర్థముంది.

ఎంత ఇస్తారు? 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భర్త చేతికొచ్చే జీతంలో 25 శాతం సబబంది. అప్పటి నుంచి అందరూ అదేదో రూలు అనుకుంటున్నారు, కాదు. ఇద్దరి ఆదాయాలు, వయసు, ఎన్నేళ్ళ కాపురం, కాపురంలో ఉన్న జీవనస్థాయి, ఉద్యోగం ఎవరు వదులుకున్నారు, పిల్లలు ఎవరి దగ్గర, భర్త మీద ఆధారపడ్డవాళ్ళెవరు, అప్పులెంత, ఇవన్నీ చూస్తారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో మాట స్పష్టం చేసింది: భరణమంటే ఇద్దరి సంపదనూ సమానం చేయడం కాదు, విడిపోయాక భర్త ఎంత పైకెదిగితే అంత అడగడం కుదరదు. ఆ కేసులో ఇప్పించింది 12 కోట్లు. ఆ అంకె పేపర్లో చూసి మన లెక్కలు వేసుకోకూడదు.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. నెలనెలా వచ్చే భరణాన్ని ఆదాయంగా చూస్తారు. ఏకమొత్తాన్ని మూలధన రాబడిగా చూసి పన్ను పడదన్న హైకోర్టు తీర్పుంది. ఇంకా, భార్యాభర్తలుగా ఉన్నంతకాలం ఒకరికొకరు ఇచ్చుకున్న కానుకకు పుచ్చుకున్నవారి దగ్గర పన్ను ఉండదు. డిక్రీ వచ్చాక ఆ చుట్టరికం ఉండదు. ఫ్లాటు బదిలీ డిక్రీకి ముందా తర్వాతా అన్నది లాయరుతో పాటు ఆడిటర్‌ని కూడా అడిగి తేల్చుకోండి.

దాచిన ఆస్తి

2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్ల ఇప్పుడు భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తిపాస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. జీతం, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, షేర్లు, పీఎఫ్, పొలాలు, నగలు, బండ్లు, ఆదాయపు పన్ను రిటర్నులు అన్నీ అందులో రావాలి. అబద్ధం రాస్తే దొంగ సాక్ష్యం కింద చర్యకు అవకాశముంది. భరణం కూడా పిటిషన్ వేసిన తేదీ నుంచి ఇప్పించాలని అదే తీర్పు చెప్పింది.

అయినా దాస్తారు. నోటీసు అందిన నెలలోనే ఉద్యోగం మానేస్తారు, చెల్లెలికి గిఫ్ట్ డీడ్ రాస్తారు, ఎప్పుడూ లేని చేబదుళ్ళు పుట్టుకొస్తాయి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. ఆ సర్వే నంబరు మీద, ఆ ఫ్లాటు మీద ఎప్పుడు ఏ లావాదేవీ జరిగిందో అందులో కనపడుతుంది. ఆస్తి మీద దావా నడుస్తుండగా అమ్మితే కొన్నవాడు కూడా ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. ఊరికే కానుకగా రాసేసినా ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్ కింద భరణం హక్కును ఆ ఆస్తి మీద రాబట్టుకునే వీలుంది. కాబట్టి "తమ్ముడి పేర పెట్టెయ్" అన్న సలహా తమ్ముణ్ణి కూడా కోర్టు మెట్లెక్కిస్తుంది. అవతలివారి ఫోన్ తెరవడం, మెయిల్ పాస్‌వర్డ్ ఊహించడం మాత్రం చేయకండి. అది మీ మీదే కేసవుతుంది.

ఇల్లు ఎవరిదన్నది తేలేలోగా ఎక్కడుండాలన్న ప్రశ్నకు గృహహింస చట్టం జవాబిస్తుంది. కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, అది ఆమె కాపురం చేసిన ఉమ్మడి నివాసమని తేలితే ఆమె నివాస హక్కు కోరవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉండే హక్కు వేరు, ఇల్లు తనదవడం వేరు. హిందూ వివాహ చట్టం కిందికి రాని ముస్లిం స్త్రీలకు మెహర్, పెళ్ళి కానుకలు, న్యాయమైన ఏర్పాటు 1986 చట్టం కింద వస్తాయి. దాంతోపాటు మామూలు మనోవర్తి సెక్షన్ కూడా వర్తిస్తుందని 2024 జులైలో, తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే, సుప్రీంకోర్టు చెప్పింది.

రాజీ పత్రం రాసుకునేటప్పుడు

పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్ళ ఆస్తి లెక్క జడ్జి ముందు కాదు, లాయరు టేబుల్ దగ్గర తేలుతుంది. చట్టం ఇవ్వని సగాన్ని కూడా ఇక్కడ ఒప్పందంతో ఇచ్చిపుచ్చుకోవచ్చు. అందుకే ఈ పత్రాన్ని అక్షరం అక్షరం చదవాలి. పిటిషన్ వేసే మొదటి మోషన్‌కీ, విడాకులు ఖాయం చేసే రెండో మోషన్‌కీ మధ్య సాధారణంగా 6 నెలలు ఉంటుంది. తగిన కారణముంటే కోర్టు తగ్గించవచ్చని 2017లో తేలింది. ఆ మధ్యకాలంలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. డబ్బు పూర్తిగా ముందే ఇచ్చేస్తే ఇచ్చినవారు ఇరుకున పడతారు, రెండో సంతకం ముందే పెడితే పుచ్చుకునేవారు ఇరుకున పడతారు. మొదటి మోషన్ రోజు కొంత డీడీ, రెండో మోషన్ రోజు కోర్టు హాల్లోనే మిగతా డీడీ అన్నది అందుకే వాడుకలోకి వచ్చింది.

ఊళ్ళో పెద్దమనుషులు 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాయించిన విడాకుల కాగితంతో పొలాలు చేతులు మారవు. ఫ్లాటు సుజాతకు ఇస్తానని రమేష్ ఒప్పుకుంటే రిలీజ్ డీడ్ రిజిస్టరు కావాలి, ఏ తేదీలోగా అన్నది పత్రంలో ఉండాలి. కోర్టు డిక్రీలోనే ఆ ఆస్తి వివరం ఉంటే మళ్ళీ రిజిస్ట్రేషన్ అవసరమా కాదా అన్నది అది కేసులో భాగమా కాదా అన్నదాని మీద ఉంటుంది. లాయరుతో రాతపూర్వకంగా తేల్చుకోండి. పాప పోషణ ఖర్చును తల్లి "నాకేం వద్దు" అని వదులుకున్నా, ఆ హక్కు పాపది, అది పోదు.

లోను గురించి ఎవరూ ఆలోచించరు. "ఫ్లాటు ఆమెకి, ఈఎమ్ఐ అతనికి" అని రాసుకున్నంత మాత్రాన బ్యాంకు కట్టుబడదు. బ్యాంకు దృష్టిలో ఇద్దరూ అప్పుదారులే. రమేష్ కట్టడం మానేస్తే సుజాత సిబిల్ స్కోరు కూడా పడుతుంది. ఒకరి పేరు లోను నుంచి తీయించడానికి బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కుని, ఒప్పుకోకపోతే లోను తీర్చేయడమో వేరే బ్యాంకుకు మార్చడమో పత్రంలో షరతుగా పెట్టాలి.

డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్నవాళ్ళకి లెక్క మారుతుంది. కాలిఫోర్నియాలో కాపురంలో సంపాదించింది చెరిసగం. టెక్సస్‌లో అది ఉమ్మడిదే అయినా జడ్జికి న్యాయమనిపించినట్టు పంచుతారు. న్యూజెర్సీలో సమానంగా కాదు, సబబుగా. అక్కడి జడ్జి మన కొంపల్లి ప్లాటు విలువను కూడా లెక్కలో వేసి, దానికి బదులు అక్కడి ఖాతాలోంచి ఇప్పించవచ్చు. ఆ ఆర్డరు పట్టుకుని ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళితే మాత్రం పేరు మారదు. అమెరికా డిక్రీలు ఇక్కడ నేరుగా అమలు కావు, దాని ఆధారంగా కొత్తగా దావా వేయాలి. తిరుపతిలో పెళ్ళి చేసుకుని మిస్సోరిలో విడాకులు తెచ్చుకున్న జంట కేసులో 1991లోనే సుప్రీంకోర్టు, మన వివాహ చట్టం ఒప్పుకోని కారణంతో, రెండోవారు ఆ కోర్టుకు లోబడకుండా వచ్చిన డిక్రీ ఇక్కడ చెల్లదంది. రెండు దేశాల్లోనూ ఆస్తులుంటే రెండు చోట్లా లాయర్లు మాట్లాడుకుని ఒకే రాజీ పత్రం రాయించడం ఖర్చైనా దారి.

డిక్రీ వచ్చాక అందరూ అలిసిపోయి ఉంటారు. అయినా ఆ నెలలోనే చేయాల్సిన పనులున్నాయి. సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి. పీఎఫ్‌లో, బీమా పాలసీల్లో, బ్యాంకు ఖాతాల్లో నామినీగా పాత పేరు ఉంటుంది, దాన్ని మార్చండి. వీలునామా రాసి ఉంటే కొత్తది రాయండి. విదేశంలో ఉన్నప్పుడు మామగారికో బావమరిదికో ఇచ్చిన జీపీఏ ఉంటే రిజిస్టరు ఆఫీసులోనే రద్దు చేయించి, వాళ్ళకి నోటీసు పంపండి. ఉమ్మడి లాకర్ తాళం అప్పగించి రసీదు తీసుకోండి. మ్యుటేషన్ పూర్తయ్యాక కొత్త ఈసీ తీసి, అందులో ఆస్తి మీ పేరుకి మారినట్టు కనపడుతోందో లేదో చూసుకోండి.